మిథింక్స్: ఇంగ్లీషు పోగొట్టుకున్న ‘నాకు అనిపిస్తోంది’

అడిగిన సంగతి ఇది: షేక్స్పియర్ నాటకాల్లో ‘ఐ థింక్’ రావలసిన చోట ‘మిథింక్స్’ అని ఎందుకు వస్తుంది? ‘ఐ’ ఉండాల్సిన చోట ‘మి’ ఎలా వచ్చింది, థింక్ చివర ఆ ‘స్’ ఏమిటి, ఛందస్సు కోసం కవి వ్యాకరణాన్ని వంచాడా? దానికి తోకగా ఇంకోటి: ఇంగ్లీషు థింక్‌కీ మన చింతకీ చుట్టరికం ఉందా?

(ఇంగ్లీషు ‘మి’ని దీర్ఘం లేకుండా రాస్తున్నాను. లేకపోతే ప్రతిచోటా మన ‘మీ’తో కలిసిపోతుంది.)

ఛందస్సు మీదికి తోసేయడం క్లాసులో సులువైన జవాబే గానీ సరైనది కాదు. షేక్స్పియర్ పాత్రలు వచనంలో మాట్లాడేటప్పుడూ మిథింక్స్ అంటాయి. అందులో వంచిన వ్యాకరణం ఏదీ లేదు. ఉన్నదల్లా వేరే క్రియ. మిథింక్స్‌లోని థింక్, మనం రోజూ వాడే ‘అనుకోవడం’ థింక్ కాదు. ‘అనిపించడం, తోచడం’ అనే అర్థంలో పాత ఇంగ్లీషులో విడిగా ఉన్న మరో క్రియ. ఇద్దరు వేర్వేరు మనుషులు కాలక్రమంలో ఒకే ఇంటిపేరు, ఒకే మొహం తెచ్చుకున్నట్టు అయ్యింది వాటి పని. రెండోది తర్వాత పోయింది. పోతూ పోతూ ఈ ఒక్క మాటలో చిక్కుకుని మిగిలింది.

‘మి’ ఇక్కడ కర్త కాదు, ‘నాకు’. చివరి ‘స్’ ప్రథమ పురుష ఏకవచన ప్రత్యయం, అంటే మన ‘అనిపిస్తుంది’లో ‘ది’ చేసే పనే అది చేస్తోంది. నాకు అనిపిస్తుంది, మాకు అనిపిస్తుంది, వాళ్ళకు అనిపిస్తుంది: ముందు ఎవరున్నా క్రియ కదలదు. మిథింక్స్ నిర్మాణం అచ్చంగా అదే. అందుకే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళకి వింతగా కనిపించే ఈ మాట తెలుగువాడికి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ఒక్క చిక్కు ఉంది. బడిలో ‘కి, కు’లను షష్ఠీ విభక్తి కింద చదివాం. యూరప్ భాషల వ్యాకరణాల్లో దీన్ని డేటివ్ అంటారు, సంస్కృతం లెక్కన అది చతుర్థి. పేరు ఏదైనా ఇక్కడ కావలసింది ‘కు’ చేసే పని.

రెండు క్రియల్ని విడివిడిగా చూద్దాం.

పాత ఇంగ్లీషులో, అంటే సుమారు 1100 ముందటి భాషలో, ‘అనుకొను’కి మాట థెంచన్. ‘అనిపించు’కి మాట థ్యుంచన్. రెండో దానిలో ‘యు’ అని రాసింది నిజానికి పెదవులు ‘ఉ’కి చుట్టి ‘ఇ’ పలికితే వచ్చే అచ్చు. జర్మన్‌లో ఇప్పటికీ ఉంది. భూతకాలంలో మొదటిది థోఖ్తె, రెండోది థూఖ్తె. ఈ ‘ఖ’ని ఉర్దూ ‘ఖుదా’లో ఖ లాగా గొంతులో గరగరగా పలకాలి. ఇవాళ ‘థాట్’ అనే మాటలో పలక్కుండా కూర్చున్న జి, హెచ్ అక్షరాలు ఆ శబ్దానికి మిగిలిన గుర్తే.

ఇంకా వెనక్కి వెళ్తే ఈ రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. జర్మానిక్ భాషలన్నిటికీ మూలమైన దశలో ఒకటి ‘థాంక్యన్’ వంటి రూపం, ఇంకోటి ‘థుంక్యన్’ వంటి రూపం. తర్వాతి అక్షరంలోని ‘య’ శబ్దం ముందున్న అచ్చును తనవైపు లాక్కుంది: ‘అ’ కాస్తా ‘ఎ’ అయ్యింది, ‘ఉ’ కాస్తా ఆ చుట్టిన ‘ఇ’ అయ్యింది. వెనక వచ్చే అచ్చు ముందున్న అచ్చును మార్చడం మనకి కొత్త కాదు. కత్తికి ‘లు’ చేరిస్తే కత్తులు అవుతుంది, ‘త్తి’లోని ఇకారం నిలవదు. భూతకాల రూపంలో ఆ ‘య’ లేదు కాబట్టి అక్కడ అచ్చు లాగబడలేదు. పైగా ఖ ముందున్న అనునాసికం రాలిపోయి, దానికి పరిహారంగా అచ్చు దీర్ఘమైంది. థింక్–థాట్, బ్రింగ్–బ్రాట్ జంటల్లో ‘న్’ శబ్దం వర్తమానంలో ఉండి భూతంలో మాయమవడానికి కారణం ఇదే. ‘థాంక్’ కూడా ఈ కుటుంబంలోదే. దాని పాత నామరూపానికి మొదట ‘తలంపు’ అనే అర్థం, తర్వాత ‘మంచి తలంపు’, ఆ తర్వాత ‘కృతజ్ఞత’.

జర్మన్ ఈ రెండు క్రియల్నీ కలిపేయలేదు. అనుకోవడానికి డెంకెన్, అనిపించడానికి డ్యుంకెన్. ‘మిఖ్ డ్యుంక్ట్’ అంటే అచ్చంగా మిథింక్స్. ఇప్పుడది కాస్త పుస్తకాల మాటే అయినా జర్మన్ వాళ్ళకి అర్థమవుతుంది. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు ఎవరైనా ఉంటే అడిగి చూడండి, డెంకెన్ మొదటి నెలలోనే వస్తుంది, డ్యుంకెన్ పాత కథల్లో తప్ప తగలదు.

పాత ఇంగ్లీషులో ఇది ఎలా ఉండేదో చూడడానికి నాకు నచ్చే ఉదాహరణ ఆల్ఫ్రెడ్ రాజుది. ఆయన 871 నుంచి 899 దాకా ఇంగ్లండ్‌లోని వెస్సెక్స్ రాజ్యాన్ని పాలించాడు. లాటిన్ చదవగలిగేవాళ్ళు దేశంలో తగ్గిపోయారని, అందరూ తెలుసుకోవలసిన పుస్తకాల్ని ఇంగ్లీషులోకి తేవాలని తలపెట్టి, పోప్ గ్రెగరీ రాసిన ఒక లాటిన్ గ్రంథాన్ని అనువదించి, ముందుమాటగా బిషప్పులకు ఉత్తరం రాశాడు. వూస్టర్ బిషప్‌కు పంపిన ప్రతి ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. అందులో అసలు ప్రతిపాదన ఇలా మొదలవుతుంది: ‘ఫొర్థ్యు మే థ్యుంక్థ్ బెట్రె, యిఫ్ యొవ్ స్వా థ్యుంక్థ్’. మాటకు మాట: అందుచేత నాకు మేలనిపిస్తోంది, మీకూ అలాగే అనిపిస్తే. ఒకే వాక్యంలో ‘మే’ అంటే నాకు, ‘యొవ్’ అంటే మీకు. క్రియ రెండుచోట్లా ఒకటే, థ్యుంక్థ్. మనిషి మారినా, ఏకవచనం బహువచనం అయినా దానిలో మార్పు లేదు. తెలుగులోకి అనువదించడానికి ఈ ‘నాకు అనిపిస్తోంది’ నిర్మాణాన్ని మార్చనక్కర్లేదు.

ఆ థ్యుంక్థ్‌లో ఇంకో ఉపయోగం ఉంది. థెంచన్, థ్యుంచన్ అని ‘చ’తో చెప్పాను కదా, మరి ఇప్పటి థింక్‌లో ‘క’ ఎక్కడిది? ప్రథమ పురుషలో ప్రత్యయపు హల్లు నేరుగా వచ్చి తగిలినచోట ‘చ’ బదులు ‘క’ పలికేది. ఉత్తరాది మాండలికాలు మొదటినుంచీ ‘క’ వైపే మొగ్గు. ఈ రెండూ కలిసి ‘క’ను నిలబెట్టాయి. ఇంగ్లండ్ దక్షిణాన, పడమట చాలాకాలం ‘థించె’, ‘థుంచె’ లాంటి రూపాలు కూడా రాశారు. సీక్, బిసీచ్ అనే జంటలో ఒకే క్రియ ఒకచోట ‘క’తో, ఇంకోచోట ‘చ’తో మిగిలిపోవడం ఈ లాగులాటకి మంచి సాక్ష్యం.

ఇక రెండూ ఎలా కలిసిపోయాయి? మధ్యకాలపు ఇంగ్లీషులో, అంటే సుమారు 1100 నుంచి 1500 దాకా, రెండు దిక్కుల నుంచి మార్పు వచ్చింది. చుట్టిన ‘ఇ’ చాలా ప్రాంతాల్లో పెదవుల చుట్టుదనం పోగొట్టుకుని మామూలు ‘ఇ’ అయ్యింది. థ్యుంచన్ కాస్తా థింకెన్ అయ్యింది. అటుపక్క ‘ంగ, ంక’ ముందున్న ‘ఎ’ కూడా ‘ఇ’ వైపు జారింది. థెంకెన్ కూడా థింకెన్ అయ్యింది. ఈ రెండో మార్పుకి రుజువు కోసం దూరం పోనక్కర్లేదు. ఇంగ్లండ్ అని ‘ఇ’తో పలుకుతూ ఇంగ్లీషు ‘ఈ’ (E) అక్షరంతో రాస్తున్నారు కదా, అదే. వర్తమానం ఇలా కలిసింది. భూతకాలంలో థోఖ్తె, థూఖ్తె మధ్య తేడా దీర్ఘపు అచ్చు ఒక్కటే. అదీ నిలవలేదు, రెంటికీ ‘థౌఖ్తె’ రకం రూపం స్థిరపడింది. కవి చాసర్ కాలానికి, అంటే 14వ శతాబ్దం చివరికి, వినేవాడి చెవికి మిగిలిన తేడా ఒక్కటే: ముందు ‘ఐ’ ఉందా, ‘మి’ ఉందా.

చాసర్ చదివేటప్పుడు ఇక్కడే పొరబాటు పడతారు. కాంటర్‌బరీ కథల ప్రవేశికలో 37వ పంక్తి ‘మి థింకెథ్ ఇట్ అకొర్దౌంట్ టు రెజూన్’, అంటే ‘ఇది న్యాయంగా ఉంటుందని నాకు తోస్తోంది’. ఇందులో గందరగోళం లేదు. అదే ప్రవేశికలో 785వ పంక్తి ‘అస్ థౌఖ్తె’ అని మొదలవుతుంది. దీన్ని ‘మేము అనుకున్నాం’ అని రాసేస్తే భావం పెద్దగా చెడదు గానీ వాక్యం చెడుతుంది. పరీక్షించడం సులువు. ఆ కాలపు ఇంగ్లీషులో బహువచన కర్త ఉంటే క్రియకి చివర ‘ఎన్’ చేరడం రివాజు. ‘వి’ కర్త అయ్యుంటే ‘థౌఖ్తెన్’ ఎదురుచూడాలి. ఇక్కడ అది లేదు. పైగా ‘వి’ కాకుండా ‘అస్’ ఉంది. కాబట్టి ‘మాకు అనిపించింది’. సర్వనామం ఉన్నంతసేపు ఇలా తేల్చుకోవచ్చు. ‘ది కింగ్ థౌఖ్తె’ అని నామం వచ్చిందంటే మాత్రం రూపం చూసి చెప్పలేం, చుట్టూ ఉన్న వాక్యాలు చూసుకోవాల్సిందే.

ఆ చివరి మాటలోనే ఈ క్రియ ఎందుకు చచ్చిపోయిందో ఉంది. డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ దీన్ని వివరించడానికి ఒక వాక్యం తయారుచేశాడు, అది ఇప్పటికీ పాఠాల్లో తిరుగుతోంది. థింక్ గురించి కాదు, ‘లైక్’ గురించి. లైక్ కూడా ఒకప్పుడు ఈ జాతిదే. అర్థం ‘ఇష్టపడు’ కాదు, ‘నచ్చు’. పాత ఇంగ్లీషులో ‘థామ్ క్యుంగె లికొదొన్ పెరన్’ అంటే ‘రాజుకు బేరిపళ్ళు నచ్చాయి’. మన వాక్యంలో ‘నచ్చాయి’ బహువచనం ఎందుకయింది? పళ్ళు బహువచనం కాబట్టి. అక్కడా అంతే: ‘లికొదొన్’ బహువచనం, కర్త పళ్ళు. ‘థామ్ క్యుంగె’లో ‘థామ్’, చివరి ‘ఎ’ కలిసి మన ‘కు’ పని చేస్తున్నాయి.

తర్వాతి రెండు మూడు వందల ఏళ్ళలో ఆ ప్రత్యయాలు అరిగిపోయాయి. ‘థామ్’ పోయి ‘ది’ వచ్చింది, ‘క్యుంగె’ పోయి ‘కింగ్’ వచ్చింది. క్రియ బహువచన గుర్తు కూడా రాలిపోయింది. ‘ది కింగ్ లైక్డ్ పేర్స్’ అని మిగిలింది. అదే సమయంలో క్రియకు ముందున్న నామమే కర్త అనే అలవాటు ఇంగ్లీషులో గట్టిపడుతోంది. వినేవాడు రాజునే కర్తగా తీసుకున్నాడు. అక్కణ్ణుంచి సర్వనామం వచ్చినా ‘హిమ్’ బదులు ‘హి’ వచ్చేసింది. ‘నచ్చు’ కాస్తా ‘ఇష్టపడు’ అయ్యింది. తెలుగులో ఆ ప్రమాదం ఎందుకు రాలేదంటే ‘కు’ చెక్కుచెదరలేదు, పదాల వరస ఎటు మార్చినా రాజుకు రాజుకే ఉంటుంది.

ఈ జాతి క్రియలు పాత ఇంగ్లీషులో చాలానే ఉండేవి. నాకు ఆకలేస్తోంది, నాకు దాహమేస్తోంది, నాకు సిగ్గేస్తోంది తరహాలో అక్కడా వాక్యాలు కట్టేవారు. చాసర్‌లో ‘మి మెట్టె’ అని తగులుతుంది; మీట్‌తో సంబంధం లేదు, అర్థం ‘నాకు కలొచ్చింది’. ఆ క్రియ పూర్తిగా పోయింది. ‘మి లిస్ట్’ అంటే ‘నాకు బుద్ధి పుట్టింది’. క్రియ పోయింది గానీ దాని కొమ్మ ఒకటి ‘లిస్ట్‌లెస్’ అనే మాటలో ఉంది: ఏం చేయబుద్ధి కాని స్థితి. పేర్ల జాబితా అనే లిస్ట్‌కీ దీనికీ ముడిపెట్టకండి. ‘వో ఈజ్ మి’లో ‘మి’ కూడా ‘నాకు’ అనే, ‘నేను’ కాదు.

మరి లైక్ బతికి, థింక్‌లో ‘అనిపించు’ ఎందుకు పోయింది? లైక్‌కి పోటీ లేదు, తన అర్థాన్ని తిప్పుకుని బతికింది. ‘మి థింక్స్’ అలా తిరగబడి ‘ఐ థింక్’ అవుదామంటే ఆ స్థానం అప్పటికే నిండి ఉంది. అసలు ‘అనుకొను’ క్రియ అక్కడ కూర్చుని ఉంది. ఇంకోపక్క సుమారు 1200 ప్రాంతంలో స్కాండినేవియా భాష నుంచి ‘సీమ్’ వచ్చి, మొదట ‘తగు, ఒప్పు’ అనే అర్థంతో నడిచి, మెల్లగా ‘తోచు’ పని అందుకుంది. రెండువైపులా దారి మూసుకుపోయాక మిగిలింది తరచుగా వాడే ఒక్క పలుకుబడి. జనం నోట నలిగి ‘మి’, ‘థింక్స్’ అతుక్కుని ఒకే మాటగా గడ్డకట్టాయి. ‘హిమ్ థింక్స్’, ‘అస్ థింక్స్’ రాలిపోయి ఉత్తమ పురుష ఏకవచనం ఒక్కటే నిలవడం కూడా ఇందుకే. సొంత అభిప్రాయం చెప్పేటప్పుడే ఆ మాట ఎక్కువగా అవసరం. ‘మిసీమ్స్’ అని ఇంకోటి కనిపిస్తే అది దీన్ని చూసి కట్టిన మాట.

చివరి ‘స్’ ఉత్తరాది యాస. దక్షిణాన ‘థింకెథ్’ అనేవారు. చాసర్ కాలానికి ‘స్’ ప్రత్యయం లండన్ వాళ్ళకి ఎంత యాసగా వినిపించేదంటే, కాంటర్‌బరీ కథల్లో రీవ్ అనే పాత్ర చెప్పే కథలో ఇద్దరు ఉత్తరాది కుర్రాళ్ళ మాటల్లో దాన్ని పెట్టి ఆయన నవ్వులు పూయించాడు. రెండు వందల ఏళ్ళు తిరిగేసరికి అదే ప్రామాణికం అయ్యింది. 1611 బైబిల్ అనువాదం మాత్రం పాత పద్ధతినే పట్టుకుంది: సమూయేలు రెండో గ్రంథం 18వ అధ్యాయం 27వ వచనంలో కావలివాడు ‘మి థింకెథ్’ అంటాడు, ముందు వచ్చేవాడి పరుగు అహిమయస్సు పరుగులా ఉందని.

షేక్స్పియర్ దగ్గరికి వచ్చేసరికి ఈ మాట సగం బతికి సగం పోయిన స్థితిలో ఉంది. ఆ రెండు సగాలకీ ఆయన నాటకాల్లోనే సాక్ష్యాలున్నాయి, చదివేవాళ్ళు చాలామంది వాటిని దాటి వెళ్ళిపోతారు.

బతికి ఉందనడానికి: హామ్లెట్ చివరి అంకం రెండో దృశ్యం. రాజు తనకు చేసిన ద్రోహాలు లెక్కపెడుతూ హామ్లెట్ హొరేషియోని అడుగుతాడు. 1604–05లో అచ్చయిన క్వార్టోలో, అంటే ఆ ఒక్క నాటకాన్నే చిన్న సైజులో వేసిన ప్రతిలో, ఆ పంక్తి ‘డజ్ ఇట్ నాట్, థింక్ థీ, స్టాండ్ మి నౌ అపాన్’ అని ఉంది. ‘థీ’ చూడండి. ‘థౌ’ అయితే నువ్వు, ‘థీ’ అయితే నీకు లేదా నిన్ను. కాబట్టి ‘థింక్ థీ’ అంటే ‘నీకు అనిపించడం లేదా?’. ‘మి’తో కాకుండా వేరే మనిషితో ఈ క్రియ ఇంకా ఊపిరి పీలుస్తోందన్నమాట. పైగా ‘స్టాండ్ మి అపాన్’ కూడా ఇలాంటి కర్తలేని వాక్యమే, ‘ఆ పని నామీద పడింది’ అని. ‘హామ్లెట్ తప్పు గ్రామర్ మాట్లాడాడు’ అని నోట్సుల్లో రాసేది ఇలాంటి పంక్తుల్ని చూసే.

పోయిందనడానికి: భూతకాలం ‘మిథాట్’ కావాలి. మాక్‌బెత్ ‘ఇక నిద్ర లేదు’ అనే కేక విన్నట్టు అనిపించిందని చెప్పేటప్పుడు, గాడిదను ప్రేమించినట్టు అనిపించిందని టైటానియా చెప్పేటప్పుడు వచ్చేది అదే. కానీ మూడో రిచర్డ్ నాటకంలో క్లారెన్స్ తన కలను చెబుతుంటే 1623 ఫోలియోలో, అంటే నాటకాలు కలిపి పెద్ద సైజులో వేసిన సంపుటిలో, ‘మిథాట్స్’ అని ఉంది. వింటర్స్ టేల్‌లో లియోంటిస్ కూడా అదే అంటాడు. భూతకాలానికి ‘స్’ ఏమిటి? థాట్‌కి ప్రథమ పురుష ప్రత్యయం ఏ కాలంలోనూ లేదు. మిథింక్స్‌లో ‘స్’ ఎందుకుందో మాట్లాడేవాళ్ళకి తెలియడం మానేసింది. అది మాటలో భాగమనుకుని భూతకాలానికీ తగిలించారు. ఒక నిర్మాణం భాషలోంచి పోయిందనడానికి ఇంతకన్నా నికరమైన గుర్తు దొరకడం కష్టం. పోయాక కూడా కవులు వదల్లేదు: మిల్టన్ చనిపోయిన భార్యను కలలో చూసిన సానెట్ ‘మిథాట్’తోనే మొదలవుతుంది, అది 1673లో అచ్చయింది. ఆ తర్వాత ఇది క్రమంగా కవిత్వపు మాటగా, ఇప్పుడు సరదాగా పాతకాలపు గొంతు పెట్టే మాటగా మారింది.

అన్నిటికన్నా ఎక్కువగా వాడే, అన్నిటికన్నా ఎక్కువగా తప్పు వాడే పంక్తి హామ్లెట్ మూడో అంకం రెండో దృశ్యంలోది. జనం ‘మిథింక్స్ ది లేడీ డత్ ప్రొటెస్ట్ టూ మచ్’ అంటారు. నాటకంలో గెర్ట్రూడ్ మాటల్లో మిథింక్స్ చివర వస్తుంది, మొదట కాదు. తేడా చిన్నదే అయినా అర్థవంతమైనది. ‘ఆవిడ మరీ ఎక్కువ ఒట్లు పెడుతోంది... అనిపిస్తోంది’ అని వాక్యం అయిపోయాక చల్లగా తగిలించిన మాట అది. అసలైన క్రియ బలం పోయి, మన ‘కాబోలు’లాగా వాక్యం పక్కన నిలబడే స్థాయికి మిథింక్స్ వచ్చేసిందనడానికి ఈ స్థానమే చెబుతుంది. ఇక ‘ప్రొటెస్ట్’ అంటే అక్కడ నిరసన తెలపడం కాదు, గట్టిగా ప్రమాణం చేయడం. లోపలి నాటకంలో రాణి వేషం వేసిన పాత్ర భర్త పోతే మళ్ళీ పెళ్ళి చేసుకోనని ఒట్ల మీద ఒట్లు వేస్తుంటుంది, గెర్ట్రూడ్ వ్యాఖ్య దాని మీద. ‘గుమ్మడికాయల దొంగ’ సామెతకి సమానంగా ఈ పంక్తిని వాడడం తర్వాత వచ్చిన అలవాటు.

ఇదే దృశ్యం చివర్లో మబ్బుని చూపిస్తూ ‘మిథింక్స్ ఇట్ ఈజ్ లైక్ ఎ వీజెల్’ అంటాడు హామ్లెట్. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వేరే దారిన పరిచయం. జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ 1986లో వచ్చిన పుస్తకంలో, యాదృచ్ఛిక మార్పులకి ఎంపిక తోడైతే ఏమవుతుందో చూపించే ప్రోగ్రామ్‌కి ఈ వాక్యాన్నే లక్ష్యంగా పెట్టాడు. ఖాళీలతో కలిపి 28 అక్షరాలు. 27 మీటల కీబోర్డు మీద గుడ్డిగా కొడితే ఒకేసారి సరిగ్గా పడే అవకాశం సుమారు 10 పక్కన 39 సున్నాల్లో ఒకటి.

సొంతంగా వెతకాలనుకునే వాళ్ళకి కొన్ని జాగ్రత్తలు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు ఈ రెండు థింక్‌లకీ విడి ఆరోపాలు (ఎంట్రీలు) ఇస్తుంది. సంఖ్య చూడకుండా మొదట తెరుచుకున్నది చదివితే తప్పు క్రియ చరిత్ర చదువుతారు. పాత ఇంగ్లీషుకి బోస్వర్త్–టోలర్ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. ముఖ్య భాగం 1898లో పూర్తయింది, అనుబంధం 1921లో వచ్చింది, కాబట్టి రెండూ చూడాలి. అందులో ‘థ’ శబ్దానికి థోర్న్ అనే పాత అక్షరం ఉంటుంది. రాతప్రతుల్లో అదే శబ్దానికి ఎథ్ అనే ఇంకో అక్షరం కూడా వాడేవారు, పైన ఆల్ఫ్రెడ్ వాక్యంలో ఉన్నది అదే. భూతకాల రూపం ఎదురైతే అచ్చు చూసుకోండి: ‘ఊ’ ఉంటే అనిపించు, ‘ఓ’ ఉంటే అనుకొను. ఇది పాత ఇంగ్లీషులోనే నమ్మదగ్గ గుర్తు, చాసర్ దగ్గర పనిచేయదు.

పాత అచ్చు పుస్తకాల్లో వెతికేటప్పుడు ‘మి’కీ ‘థింక్స్’కీ మధ్య ఖాళీ పెట్టి, పెట్టకుండా, అదనపు ‘ఈ’ (E) అక్షరంతో, లేకుండా అన్నివిధాలా వెతకాలి. గెర్ట్రూడ్ పంక్తిలో క్వార్టో, ఫోలియో రెండూ వాటిని విడి మాటలుగానే అచ్చువేశాయి. పదాల వాడకాన్ని ఏళ్ళవారీగా గీసిచూపే సాధనాల్లో ఒకే మాటగా వెతికితే తొలి కాలపు లెక్క తక్కువగా కనబడేది ఇందుకే. ఒక అదృష్టం ఏమిటంటే అప్పటి ఎఫ్ లాంటి పొడుగు ‘ఎస్’ పదం చివర వాడేవారు కాదు. కాబట్టి స్కానింగ్ యంత్రం మిథింక్స్‌ని చదవడంలో తడబడదు. ‘మిసీమ్స్’ని మాత్రం ‘మిఫీమ్స్’ అని చదివేస్తుంది.

వాడాలనుకుంటే నియమాలు కొంచెమే. ముందు ‘ఐ’ పెట్టకూడదు, ‘డు’తో ప్రశ్న వేయకూడదు, భూతకాలం మిథాట్ తప్ప ‘మిథింక్డ్’ లేదు. వాక్యం మొదట, మధ్యలో, చివర ఎక్కడైనా పెట్టవచ్చు. తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘నేను అనుకుంటున్నాను’ అనకండి. ‘అనిపిస్తోంది’, ‘నాకు తోచినంతలో’, ఒక్కోచోట వట్టి ‘కాబోలు’ సరిపోతాయి. ఒక హెచ్చరిక కూడా: నిర్మాణం కలిసింది కదా అని రెండు భాషలకీ బంధుత్వం అంటగట్టకూడదు. మన అనిపించు ‘అను’ మీద ‘ఇంచు’ చేరి పుట్టింది. వాళ్ళది తలంపు అనే ధాతువు మీద నేరుగా వచ్చింది. మనసుకు జరిగేదాన్ని మనిషి చేసే పనిగా కాక మనిషికి వచ్చేదిగా చెప్పడం హిందీ నుంచి ఐస్‌లాండిక్ దాకా చాలా భాషల్లో ఉంది.

బంధుత్వం అనుకున్నాం కాబట్టి చివరిగా చింత. థింక్, చింత: శబ్దమూ దగ్గర, అర్థమూ దగ్గర. అయినా చుట్టాలు కారు. సంస్కృతానికీ ఇంగ్లీషుకీ దూరపు బంధుత్వం ఉన్నమాట నిజమే, కానీ ఆ బంధుత్వంలో శబ్దాలు క్రమం తప్పకుండా సరిపోలాలి. ఇంగ్లీషు పదం మొదట్లో ‘థ’ ఉంటే సంస్కృతంలో ‘త’ ఉండాలి: థ్రీకి త్రి, థౌకి త్వం, థిన్‌కి తను, థర్స్ట్‌కి తృష్ణ. ఆ లెక్కన థింక్‌కి జోడీ తకారంతో మొదలవ్వాలి. అటునుంచి చింతలోని ‘చ’ పూర్వం ‘క్వ’ వంటి శబ్దం. దానికి ఇంగ్లీషులో ఎదురుగా నిలిచేది హకారం, వకారం కలిసిన శబ్దం. చక్రానికి జోడీ వీల్ అయ్యింది ఆ దారినే, పాత ఇంగ్లీషులో అది ‘హ్వెఓల్’. చింతకి ఇంగ్లీషులో ఒక తోబుట్టువు ఉండుంటే అది ‘హ్వ’తో మొదలయ్యేది, ‘థ’తో కాదు.